ఒక్క దెబ్బ ముద్ర

బంగాళాదుంపల్ని తరిగి, ఉడకబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ ఉడకబెట్టి మళ్ళీ పారబోస్తే మిగిలేది దుంప కాదు, తడిసిన అట్టముక్క. కిడ్నీలు పోయినవాడికి దుంప తినాలనిపిస్తే డాక్టర్లు ఒప్పుకునేది అంతవరకే. మా నాన్న ఒకసారి తిని చూసి, ఇంకెప్పుడూ అడగలేదు. ఆదివారం వస్తే మావాళ్ళు ఉడికించే పియెరోగి కజ్జికాయల్లో దుంపా జున్నూ కూరి, వెన్నలో వేయించిన ఉల్లిపాయలు పైన పోసుకు తిన్న మనిషి ఆయన. ఇప్పుడు నేను క్యాబేజీ కూరి పెడితే నోట్లో వేసుకుని, "రెనా, ఇది తినడానికేనా, గోడకి అంటించడానికా?" అనేవాడు.

"నచ్చకపోతే మానెయ్. నన్ను చంపకు," అనేదాన్ని.

మే నెలలో ఒకరోజు నిజంగానే మానేస్తానన్నాడు. తిండి కాదు, డయాలసిస్.

"వారానికి మూడుసార్లు నా రక్తం ఉతుకుతున్నారు. బట్టలైనా అన్నిసార్లు ఉతికితే చిరిగిపోతాయి. ఇంక నన్ను తీసుకెళ్ళొద్దు."

నాకు ఒళ్ళు మండింది. మా అమ్మ పోయినప్పటినుంచీ ఆయన్ని చూసుకుంటున్నది నేను. బడి వంటింట్లో రోజంతా గరిటె తిప్పి వచ్చి, షుగరుతో రెండు కళ్ళూ పోయిన మనిషిని చెయ్యి పట్టుకుని మంచు మెట్ల మీద దింపి, ఆసుపత్రికి తీసుకెళ్ళి తెచ్చిందాన్ని నేను. ఇంత చేసి ఈ మాట వినాలా?

"మానేస్తే ఏమవుతుందో తెలుసా?" అన్నాను.

"తెలుసు. అందరూ చేసే పనే."

సరిగ్గా అప్పుడే మా ఎమిల్ లోపలికొచ్చాడు. వాడు నా ఒక్కగానొక్క కొడుకు. పగలు కాలేజీలో మోటారు పని చదివి, సాయంత్రాలు ఓ హోటల్లో కోడిరెక్కలు వేయించేవాడు. వాడొస్తే వాడికంటే ముందు వెనిగరూ కారమూ ఇంట్లోకొచ్చేవి. తలుపు దగ్గరే నిలబడి అంతా విన్నట్టున్నాడు. గోడ మేకుకున్న తాళాల గుత్తి తీశాడు.

"జాజా, చెవెల్ కారు తాళం ఇందులో ఏది?" అన్నాడు. మావాళ్ళలో తాతని జాజా అనే పిలుస్తారు.

"దానితో నీకేం పని? దానికీ కిడ్నీలు పోయి పదేళ్ళయింది."

"నేను లేపుతాను. ఈ వేసవిలోనే. దాని ఇంజన్ మోగేదాకా నువ్వు మానకూడదు."

"మోగాక?"

"మోగాక ప్రతి ఆదివారం నది రోడ్డు మీద షికారు. అప్పుడు మానేస్తానని నువ్వే అనవు."

మా నాన్న నవ్వాడు. "నీ దగ్గర ఏముందిరా, కోడిరెక్కల రాజా?"

"నా దగ్గర కాలేజీ ఉంది," అన్నాడు ఎమిల్.

ఆ కారు సంగతి చెప్పాలి. మా నాన్న నది పక్కనున్న ప్లాంట్‌లో ఇంజన్లకి ముద్ర కొట్టేవాడు. ఇంజన్ దిమ్మకి ముందువైపు కుడి మూలన బొటనవేలంత చదును ఉంటుంది. అక్షరాలూ అంకెలూ వరసగా బిగించిన ఉక్కు పట్టీని దాని మీద ఆనించి పైనుంచి సుత్తితో ఒక్కటే దెబ్బ కొట్టాలి. ఏ రోజు, ఏ రకం ఇంజన్, అన్నీ ఆ ఒక్క దెబ్బలో దిగాలి. రెండో దెబ్బ కొడితే అక్షరం మీద అక్షరం పడి జంటగా కనిపిస్తుంది, ఫోర్‌మన్ అందరిముందూ దులిపేస్తాడు. మా నాన్న ఎడమ బొటనవేలు మొదటి ఏడాదే సుత్తి కింద నలిగింది. అప్పటినుంచీ పట్టీ కాస్త వాలేది, చివరి అక్షరం మిగతావాటికంటే కొంచెం కిందికి జారేది. తిట్లు తిన్నాడు గానీ ఆ వాలు పోలేదు. పెళ్ళైన కొత్తలో, 1970లో, చెవెల్ కొని ఇంటికి తెచ్చి బానెట్ ఎత్తి చూస్తే తన ముద్రే, చివరి అక్షరం జారి ఉంది. నడివీధిలో నిలబడి పిచ్చివాడిలా నవ్వాడని మా అమ్మ చెప్పేది.

కళ్ళు పోయాక కూడా అప్పుడప్పుడూ గరాజ్‌కి తీసుకెళ్ళమనేవాడు. నేను బానెట్ ఎత్తితే చెయ్యి లోపలికి పెట్టి, ఆ నలిగిన వేలితోనే ఆ చదును మీద తడిమి, "ఉంది," అనేవాడు. మళ్ళీ మూసేసేవాళ్ళం.

జూన్‌లో బడికి సెలవులిచ్చారు. నేను ఇంట్లోనే ఉన్నాను కాబట్టి ఆ గరాజ్ తతంగమంతా నా కళ్ళముందే జరిగింది. టార్పాలిన్ తీయగానే ఎలుకలు నాలుగు వైపులా పరుగెత్తాయి. చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు కారు అడుగుని తినేసింది. డ్రైవరు సీటు కింద చాప ఎత్తితే గరాజ్ నేల కనిపించింది.

"ఏమైందిరా, మాట్లాడవేం?" అన్నాడు నాన్న. తలుపు దగ్గర మడతకుర్చీలో కూర్చుని, మంచుముక్క చప్పరిస్తున్నాడు. నీళ్ళు తాగడానికి కొలత పెట్టారు, దాహం వేస్తే మంచుముక్కే.

"అడుగు లేదు జాజా."

"కాళ్ళతో తోసుకుంటూ పోదాం అయితే."

కొత్త రేకు కొనే స్తోమత వాడికి లేదు. వీధి చివర ఎవరో పాత ఫ్రిజ్ బయట పెడితే ఈడ్చుకొచ్చి, దాని పక్కలు కోసి, కారు అడుక్కి అతికాడు. తెల్ల రంగు గీకలేదు. నేను చూసి నవ్వాపుకోలేకపోయాను. విషయం చెబితే మా నాన్న కుర్చీలోంచి లేచి, తడుముకుంటూ వచ్చి, వంగి ఆ రేకు మీద చెయ్యి వేశాడు.

"నేను ముద్ర కొట్టిన ఇంజన్లన్నీ ఈపాటికి కరిగించేసుంటారు. ఫ్రిజ్‌లూ, డబ్బాలూ అయిపోయుంటాయి. ఈ రేకులో కూడా ఒకటి ఉందేమో," అన్నాడు. తరవాత కాస్త ఆగి, "అన్నేళ్ళు చేసినదాంట్లో నా చేతికి తగిలేది ఇదొక్కటేరా," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ఎమిల్ నవ్వలేదు.

ఆ నెలంతా ఇల్లు ఇల్లులా లేదు. బాత్‌రూమ్ తొట్టిలో గ్రీజు, నా రొట్టెల పళ్ళెంలో నట్లు. పాతసామాన్ల యార్డ్‌లో వేరే కారుకున్న డిస్క్ బ్రేకులు ఊడబెరికి తెచ్చి దీనికి పెట్టాడు. ముందున్నవాటితో ఆగేదానికంటే దైవప్రార్థనతో ఆగేది ఎక్కువట. ఆసుపత్రికి వెళ్ళే దారిలో మా నాన్న నాతో కార్బరేటర్ గురించి మాట్లాడేవాడు. నాకొక్క ముక్క అర్థమైతే ఒట్టు. అయినా ఊ కొట్టేదాన్ని. సూదులు గుచ్చే నర్సుతో "తొందరగా కానియ్యమ్మా, ఇంట్లో నాకు పనుంది," అంటుంటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గెలిచామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

జూలైలో గొలుసు వేసి ఇంజన్ పైకి లాగారు. భాగాలన్నీ విప్పాక దిమ్మ ఒక్కటీ బల్ల మీద నగ్నంగా మిగిలింది. ఎమిల్‌కి దాన్ని పాతగా నిలబెడితే చాలదు, ముందుకంటే బలంగా చెయ్యాలి. కొత్త మూతలు బిగించాలంటే దిమ్మ పైభాగం అద్దంలా చదును కావాలట. మిషన్ మీద వెంట్రుకవాసి మందం చెక్కేస్తే సరిపోతుందట.

"శాల్ దగ్గరకి తీసుకెళ్ళు," అన్నాడు నాన్న. శాల్ అంటే ఆయనతో ప్లాంట్‌లో పనిచేసి, బయటికొచ్చి చిన్న మిషన్ షాపు పెట్టుకున్నవాడు. "ముద్ర సంగతి వాడికి చెప్పక్కర్లేదు. వాడే ముందు అడుగుతాడు."

ఎమిల్ వెళ్ళి అడిగాడు. శాల్ చెప్పిన మజూరీకి వాడు టైర్లకోసం దాచుకున్నదంతా పోతుంది. వాడు తిరిగొచ్చి గుమ్మంలో కూర్చుని గోళ్ళు కొరుక్కున్నాడు.

"టైర్లు లేకుండా ఎక్కడికి పోతాం? అదే మిషన్ కాలేజీలో పైసా లేకుండా దొరుకుతుందమ్మా. మా క్లాసువాడు దాన్ని రోజూ తిప్పుతాడు. ఒక్క పూట పని."

"తాత శాల్ దగ్గరకి వెళ్ళమన్నాడుగా."

"జాజాకి ఆశ్చర్యంగా ఉండాలి. ముందు చెప్పకు."

రెండు రోజుల తరవాత దిమ్మని ట్రక్కులో తెచ్చి గరాజ్‌లో దింపాడు. తలుపు లోపలినుంచి గడియ పెట్టుకున్నాడు. అన్నానికి పిలిస్తే ఆకలి లేదన్నాడు. మా ఎమిల్‌కి ఆకలి లేదంటే అది మాటలు కాదు. నేను వెనక కిటికీలోంచి చూశాను. దిమ్మ ముందు స్టూలు మీద కూర్చుని, తల రెండు చేతుల్లో పట్టుకున్నాడు.

తలుపు తీయించాను. వాడు చెయ్యి పెట్టి చూపించాడు. దిమ్మ పైభాగం మెరుస్తోంది, నా మొహం కనిపిస్తోంది. ముందువైపు కుడి మూలన చదును కూడా అలాగే మెరుస్తోంది. దాని మీద ఏమీ లేదు.

"అదీ ఇదీ ఒకటే ఎత్తులో ఉంటాయమ్మా. కత్తి ఇక్కడ మొదలెట్టి అక్కడిదాకా పోతుంది. శాల్ అయితే అక్కడ ఆపేవాడు. నాకు తట్టలేదు. మావాడికి అసలే తెలీదు." వేలితో ఆ చదును తుడిచాడు. "నేను పక్కనే నిలబడ్డాను. మెరుస్తుంటే ఫోటో కూడా తీశాను."

తిడదామని నోరు తెరిచాను. వాడి మొహం చూసి మూసుకున్నాను.

"తాతకి చెప్పు," అన్నాను చివరికి.

"చెప్తే మానేస్తాడు."

"ఒక ముద్రకోసమా?"

"నువ్వే చెప్పు, మానడా?"

మా నాన్న వేలు ఆ చదును మీద ఆగినప్పుడు మొహం ఎలా ఉండేదో ఇద్దరికీ తెలుసు. ఆ దిమ్మ ముందు నిలబడి తల్లీకొడుకులం ఇద్దరం ఏడ్చాం. ఇంట్లోంచి మా నాన్న, "ఏమిటి, ఎవరూ మాట్లాడరు? బిగించడం మొదలెట్టారా?" అని కేకేశాడు.

"ఇంకా తుడుస్తున్నాడు నాన్నా," అన్నాను.

ఆ తరవాతి డయాలసిస్ రోజు మేం తిరిగొచ్చేసరికి ఎమిల్ వాకిట్లో నిలబడి ఉన్నాడు. నాన్నని మంచం మీద పడుకోబెట్టి గరాజ్‌లోకి వెళ్ళాను. వాడు ఎవరినో అడిగి ఉక్కు అచ్చులు తెచ్చాడు. పాత ముద్ర వాడికి చిన్నప్పటినుంచీ కంఠతా వచ్చు. ఇనప రేకుల మీద కొట్టి కొట్టి నేర్చుకున్నాడు, అవి బల్లకింద గుట్టగా పడున్నాయి. చివరికి దిమ్మ మీద కొట్టాడు. అదే వరస, అవే అంకెలు. చివరి అక్షరాన్ని కూడా కొంచెం కిందికి జార్చాడు. పైన సన్నగా నూనె రాసి, మసి రుద్ది పాతచేశాడు.

"ఎలా ఉంది?" అన్నాడు. సుత్తి ఇంకా చేతిలోంచి వదల్లేదు.

నేను వంగి చూశాను. నా కళ్ళకి అదే.

"అలాగే ఉంది," అన్నాను.

ఆగస్టు చివరి ఆదివారం కారు మోగింది. రంగు వెయ్యలేదు, ఒక తలుపు ఎర్రది, ఒక తలుపు బూడిదరంగు. సీట్లకి నేనే పాత దుప్పట్లు కుట్టాను. ఎమిల్ తాళం తిప్పగానే గరాజ్ రేకులన్నీ గలగలలాడాయి, పక్కింటి కుక్క మంచం కిందికి దూరిందట. మా నాన్న మడతకుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. చర్చికి వేసుకునే చొక్కా వేసుకున్నాడు. నోరు కాస్త తెరుచుకుని, తల ఓ పక్కకి వంచి విన్నాడు.

"ఎడమవైపు మూడో సిలిండర్ కొంచెం ఆలస్యంగా కొడుతోంది," అన్నాడు.

"సరిచేస్తా జాజా."

"వద్దు, ఉండనీ. బాగుంది. వెధవా, బాగుందిరా!" వాడి మెడ పట్టుకుని ఊపేశాడు. "ఆపు. చల్లారనీ. ఒకసారి చూస్తాను."

ఎమిల్ నా వైపు చూశాడు. నేను కారు వైపు చూశాను. ఇంజన్ చల్లారేదాకా ముగ్గురం నిలబడి వాతావరణం గురించి మాట్లాడుకున్నాం. తరవాత వాడే ఆయన చెయ్యి పట్టుకుని ముందుకి తీసుకెళ్ళాడు. మా నాన్న నల్ల కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు, చూడబోతున్నట్టే. చెయ్యి లోపలికి పెట్టాడు. నలిగిన బొటనవేలు చదును మీద ఈ చివరనుంచి ఆ చివరదాకా వెళ్ళింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది.

"ఉంది," అన్నాడు.

ఎమిల్ వదిలిన ఊపిరి నాకు వినబడింది.

నది రోడ్డు మీద అద్దాలన్నీ దింపుకుని వెళ్ళాం. ముందుసీట్లో మా నాన్న, వెనక నేను. ఎమిల్ ఒకటే వాగుడు. ఇదిగో జాజా ప్లాంట్ వచ్చింది, ఇదిగో గేటు, ఇదిగో చేపలు పట్టేవాళ్ళు. మా నాన్న ప్రతిదానికీ "అలాగా, అలాగా," అన్నాడు. ఫ్రిజ్ రేకు మీద బూట్లతో తాళం వేశాడు. నేను వెనకనుంచి ఆయన చెయ్యి చూస్తున్నాను. ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలిని చూపుడువేలితో రుద్దుకుంటూనే ఉన్నాడు.

మర్నాడు సోమవారం, డయాలసిస్ రోజు. నేను తాళాలు తీసుకుని వంటింట్లోకొచ్చేసరికి మా నాన్న రాత్రిబట్టల్లోనే బల్ల దగ్గర కూర్చున్నాడు.

"లే, టైమైంది."

"ఇవాళ పియెరోగి చెయ్యి రెనా."

"ఇవాళ ఆదివారమా?"

"దుంపవి చెయ్యి. దుంప ఒక్కసారే ఉడకబెట్టు."

నేను తాళాలు బల్ల మీద పెట్టాను. కూర్చున్నాను.

"ప్రతి ఆదివారం అన్నాడు కదా నాన్నా వాడు. నిన్న ఒక్క ఆదివారమేగా."

"మోగేదాకా మానొద్దన్నాడు. మోగింది."

"నిన్న నవ్వావు! వాడి మెడ పట్టుకుని నవ్వావు!"

"అప్పుడింకా చూళ్ళేదు." బల్ల అంచు తడిమాడు. "శాల్ దగ్గరకి వెళ్ళలేదు కదూ?"

నేను బల్ల మీది తాళాలు దగ్గరకి లాక్కున్నాను.

"నాది ఒక్క దెబ్బ రెనా. అన్నీ ఒకే లోతు దిగుతాయి. ఇది ఒక్కో అక్షరానికీ ఒక్కో దెబ్బ. మొదటిది గట్టిగా కొట్టాడు. తరవాత భయపడ్డాడు. చివరిదాన్ని కిందికి జార్చాడు, నాకోసం." ఆయన మొహం ముడుచుకుపోయింది. "ఎంత భయపడుతూ కొట్టాడో వేలికి తెలుస్తోంది. పాపం వెధవ."

"వాణ్ణి తిట్టు. నన్ను తిట్టు. అంతేగానీ దీనికోసం ప్రాణం తీసుకుంటావా? ఇనుము మీద గీతలకోసమా?" నేను అరుస్తున్నాను, ఏడుస్తున్నాను, ఏది ఏదో నాకే తెలీలేదు.

"దానికోసమని కాదు."

"మరి?"

"దానికోసం కాదనీ కాదు." నా చెయ్యి వెతుక్కుని పట్టుకున్నాడు. "అలిసిపోయాను రెనా. ఆ వేలు కిందొకటి తగులుతుంటే ఇంకొంచెం లాగొచ్చనిపించేది. అంతే. వాడికి చెప్పకు. ఎప్పుడూ చెప్పకు."

బతిమాలాను. డాక్టర్‌కి ఫోన్ చేస్తానన్నాను. చచ్చిన మా అమ్మ మీద ఒట్టు పెట్టాను. ఆయన అన్నింటికీ అలాగా, అలాగా అంటూ కూర్చున్నాడు, నిన్న కారులో అన్నట్టే. ఆసుపత్రికి వెళ్ళే వేళ దాటిపోయింది. చివరికి నేను లేచి దుంపలు చెక్కు తీశాను. ఒక్కసారే ఉడకబెట్టాను. మెత్తగా చిదిమి జున్ను కలిపాను. మా వంటింట్లో ఆ వాసన వచ్చి ఎన్నాళ్ళయిందో. నాన్న పిండిముద్ద అడిగి తీసుకుని, చేత్తో అద్ది అంచులు నొక్కిపెట్టాడు.

ఉల్లిపాయలు వెన్నలో ఎర్రబడుతుంటే ఎమిల్ మెట్లు దిగి వచ్చాడు. జుట్టు చెదిరి, మొహంలో నిద్ర. మూకుడు చూశాడు, పళ్ళెం చూశాడు, తాతని చూశాడు. వాడి మొహం వెలిగిపోయింది.

"దుంపవా? డాక్టర్ తినొచ్చన్నాడా?"

నేను నోరు తెరిచేలోపే మా నాన్న పక్క కుర్చీ వెనక్కి లాగాడు.

"అన్నాడురా. కూర్చో, చల్లారిపోతాయి."